స్లాబు కారుతుంటే ముందు చోటు పట్టుకోండి, తర్వాతే మందు

స్లాబు కారుతోందని ఎవరు పిలిచినా, నిచ్చెన ఎక్కేముందు నేను ఇంటివాళ్ళని అడిగేది ఒక్కటే: వాన లేనప్పుడు కూడా కారుతోందా? నడి ఎండాకాలంలోనూ చెమ్మ ఆరకపోతే అది వాన నీరు కాదు. పైనున్న ట్యాంకో, గోడలోని పైపో, పై అంతస్తు బాత్‌రూమో చూడాలి. వానప్పుడో, వాన వెలిసిన కాసేపటికో కారితే స్లాబు పని పట్టాలి.

ఇంకో మాట ముందే చెప్పాలి. చెమ్మ లైటు దగ్గరో ఫ్యాను దగ్గరో ఉంటే మెయిన్ ఆపేయండి. పెచ్చులు ఉబ్బి వేలాడుతుంటే దాని కింద మంచం వేయొద్దు, పిల్లల్ని కూర్చోనివ్వొద్దు.

లోపల మరక ఉన్నచోటే పైన పగులు ఉంటుందనుకుని చాలామంది అక్కడే సిమెంటు పాలు పోస్తారు. నీళ్ళు ఒకచోట దిగి, కాంక్రీటులో సందు దొరికినంత మేర, కరెంటు గొట్టాల వెంట నడిచి ఇంకోచోట బయటపడతాయి. మరక ఏ గోడకి ఎంత దూరమో టేపుతో కొలిచి, మేడ మీద అదే చోట సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి నీళ్ళవాటానికి ఎదురుగా, ఎత్తువైపు వెతుక్కుంటూ వెళ్ళండి.

నా అనుభవంలో స్లాబు నడిమధ్య కంటే అంచుల్లోనే లోపం ఎక్కువ. నీళ్ళు పోయే తూము మూతి, పిట్టగోడ అడుగు, పైపులు స్లాబులోంచి పైకొచ్చే చోట్లు ముందు చూడండి. తూము దగ్గర ఆకులూ మట్టీ తీసేసి చుట్టూ వేలితో తడమండి. పైపుకీ సిమెంటుకీ మధ్య గోరు దిగినా నీళ్ళకి ఆ సందు చాలు. సన్నటి నెర్రెలు పట్టుకోవాలంటే వాన వెలిసి మేడ ఆరుతున్నప్పుడు ఎక్కండి. చుట్టూ తెల్లబడుతుంటే నెర్రె వెంట మాత్రం తడి గీత నల్లగా నిలిచి ఉంటుంది. నాచు ఉంటే జారుతుంది, జాగ్రత్త.

అప్పటికీ తేలకపోతే నీళ్ళు నిలబెట్టి చూడాలి. తూము గుడ్డతో బిగించి, తడిమట్టితో చిన్న గట్లు కట్టి, ఒకసారికి ఒక్క మడిలోనే అంగుళం లోతు నీళ్ళు పోసి 24 గంటలు ఉంచండి. ఏ మడి నిండితే కింద చెమ్మ దిగుతోందో అక్కడే లోపం. అంగుళం నీళ్ళంటే చదరపు మీటరుకి 25 కిలోల బరువు. చువ్వలు తుప్పు పట్టి బయటపడిన స్లాబు మీద ఈ పరీక్ష వద్దు. అలాంటి స్లాబునీ, కిందికి వంగినట్టున్న స్లాబునీ ఇంజనీరుకి చూపించాల్సిందే.

ఇక పూడ్చడం. ఎండకి స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ కదలికకి ఉత్త సిమెంటు మళ్ళీ అదే గీతలో విడిపోతుంది. అందుకని నెర్రెని ఉలితో 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడిగా తీసి, వైరు బ్రష్‌తో రుద్ది, దుమ్ము పూర్తిగా ఊదేసి, బాగా ఆరాక పాలీయూరిథేన్ సీలెంటు (రబ్బరులా సాగే పూడిక) నింపండి. దుమ్ము మీద నింపితే ఎంత మంచి సీలెంటైనా పొరలా లేచిపోతుంది, ఈ పనిలో తొందర పనికిరాదు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలని పాలిమర్ (అతుకు పెంచే మందు) కలిపిన సిమెంటు-ఇసుక మోర్టారుతో గుండ్రంగా తిప్పండి. దాని మీద ఫైబర్ జాలీ పరిచి వాటర్‌ప్రూఫ్ పూత వేయండి. పూత గోడమీదికి జానెడు ఎక్కాలి. మొదటి చేయి (మొదటి పూత) నిలువుగా వేస్తే, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. డబ్బా మీద చెప్పినంతసేపు దాన్ని తడవనివ్వొద్దు.

పెంకుటింటికైతే పగిలిన, జరిగిన పెంకులు చూడండి. రేకులకైతే మేకుల కింద ఎండిపోయిన రబ్బరు వాషర్లు మార్చితే చాలాసార్లు సరిపోతుంది. కాలు పెంకు మీదా రేకు మీదా వేయకుండా, కింద దూలం ఉన్నచోట అడ్డపలక వేసుకుని నడవండి.

గది లోపలి నుంచి పుట్టీ పెట్టి కారడం ఆపుతామంటే ఒప్పుకోకండి. దిగిన నీళ్ళు స్లాబులోనే చిక్కుకుని చువ్వల్ని తినేస్తాయి. పైన పని అయ్యాక ఇంకోసారి నీళ్ళు నిలబెట్టి చూడండి, సీలింగు పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాతే లోపల రంగు.