చెట్టు కింద బెంచీ: దిగులుతో ఉన్న మనిషి పక్కన కూర్చుని మాట్లాడే పద్ధతి

జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు దిగులును 'కుఫుంగిసిసా' అంటారు. 'ఫుంగ' అంటే ఆలోచించు. దానికి చేరిన ప్రత్యయం వల్ల అదే పనిగా, అతిగా ఆలోచించడం అనే అర్థం వస్తుంది. "ఆలోచనలు ఎక్కువైపోయాయమ్మా, రాత్రంతా కన్ను మూతపడట్లేదు" అని మన ఊళ్లలో చెప్పేదీ ఇదే. డిప్రెషన్ అన్న మాట ఎన్నడూ వినని మనిషికి కూడా ఈ బాధకు పేరుంది.

ఆ పేరును పట్టుకునే మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో 14 మంది అమ్మమ్మలతో ఒక పని మొదలుపెట్టాడు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ, దాని మీద ఊరు ఎరిగిన ఒక పెద్దావిడ. మొదట 'మానసిక ఆరోగ్య బెంచీ' అంటే ఎవరూ వచ్చి కూర్చోలేదు. పేరు మార్చమని అమ్మమ్మలే చెప్పారు. 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' అయ్యాక జనం వచ్చారు. ఆ తర్వాత హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందితో పరీక్షించి చూస్తే, ఆరు నెలలకు డిప్రెషన్ లక్షణాలు బెంచీ దగ్గర మాట్లాడినవాళ్లలో 13.7 శాతానికి, కాస్త మెరుగుపరిచిన మామూలు వైద్యం అందినవాళ్లలో 49.9 శాతానికి కనిపించాయి. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల లీడర్లు, హాస్టల్ వార్డెన్లు, వాడలో నలుగురూ వచ్చి మాట చెప్పుకునే పెద్దవాళ్లు ఈ పద్ధతి నేర్చుకోవచ్చు. దీనికి డిగ్రీ అక్కర్లేదు. కానీ నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి, అన్నిటికంటే కష్టం అదే.

కూర్చునే చోటు

నలుగురికీ కనిపించాలి, ఎవరికీ వినిపించకూడదు. రచ్చబండ పనికిరాదు, అక్కడ చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. మూసిన గది కూడా మంచిది కాదు, లోపల ఏం జరుగుతోందో అన్న అనుమానం రేగుతుంది. ఆరోగ్య ఉపకేంద్రం వెనక చెట్టు నీడ, అంగన్‌వాడీ మూసేశాక దాని అరుగు, గుడి ప్రహరీ పక్కన ఓ మూల సరిపోతాయి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన, కాస్త ఓరగా కూర్చోండి. ఏడుపు వచ్చినప్పుడు మనిషి ఎదుటివారి కళ్లలోకి చూడలేదు. పక్కన కూర్చుంటే చెట్టు వైపు చూస్తూ చెప్పేస్తుంది.

మొదటిసారికి గంట, తర్వాత ప్రతిసారీ అరగంట నుంచి ముప్పావు గంట కేటాయించండి. మొత్తం ఆరుసార్లు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసేయండి.

ముందు కొలవాలి

హరారేలో 14 ప్రశ్నల పట్టిక వాడతారు. గత వారంలో నిద్ర పట్టిందా, ఏడుపు వచ్చిందా, ఆలోచనలు ఎక్కువయ్యాయా వంటివాటికి అవును, కాదు అని జవాబు చెప్పాలి. పైన చెప్పిన 573 మంది పరీక్షలోకి తొమ్మిదీ అంతకుమించి 'అవును'లు వచ్చినవాళ్లను తీసుకున్నారు. ఆ పట్టికను జింబాబ్వే మనుషుల మాటల్లోంచే తయారుచేశారు, అందుకే అక్కడ అంత బాగా పనిచేస్తుంది. దాన్ని మనమే తెలుగులోకి మార్చేసుకుని తొమ్మిదినే గీతగా పెట్టుకోవడం తప్పు. మనకు డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే పట్టిక తెలుగులో ఉంది: తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పదీ అంతకుమించి వస్తే డాక్టరుకు కూడా చూపించాలి. చదువు రానివాళ్లకు మీరే చదివి వినిపించండి. "బాధగా ఉందా" అంటే "లేదమ్మా, బానే ఉన్నా" అనేవాళ్లు "నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా" అంటే నిజం చెబుతారు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. దాన్ని ఎగరగొట్టకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. "ప్రాణం తీసుకోవాలనిపించిందా తల్లీ?" అని సూటిగా అడగండి. అవునంటే ఆ రోజు బెంచీ పని అక్కడితో ఆపేయాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే అదే గంటలో వేరే ఇంటికి చేర్చి తాళం వేయించాలి. 14416కి ఫోన్ చేయాలి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ముందుగా భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట ఇంటివాళ్లకు విడమరిచి చెప్పండి.

లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, ఎవరో వెంటాడుతున్నారన్నా, రోజుల తరబడి నిద్రే లేకుండా ఉరకలేస్తున్నా అది బెంచీతో తీరేది కాదు. డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్లండి.

మనసు తెరవడం

బెంచీ మీద మాటలకు మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టును షోనాలో 'కువుర పుంగ్వ' అంటారు. ఇక్కడ పని వినడమే. "ఏమ్మా, ఏం జరుగుతోంది?" అని అడిగి ఆగండి. నిశ్శబ్దం వస్తే మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోండి. చాలామంది ఐదు దగ్గరే నోరు తెరిచి "అంతా సర్దుకుంటుందిలే" అనేస్తారు. ఓదార్పుగా అన్న ఆ మాటే ఎదుటివారికి 'ఇక చాలు' అన్నట్టు వినిపిస్తుంది.

వాళ్లు వాడిన మాటనే తిరిగి వాడండి. బెంగ అంటే బెంగ, గుండె దడ అంటే గుండె దడ, బుర్ర వేడెక్కిపోతోందంటే అదే. మీరు దాన్ని 'డిప్రెషన్' అని దిద్దితే తర్వాతి వారం ఆ మనిషి రాకపోవచ్చు. ఎవరో చేతబడి చేశారన్నా వాదించకండి. "అప్పటినుంచి ఇంట్లో ఏం మారింది?" అని అడగండి, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

తర్వాత కష్టాలను ఒక్కొక్కటీ లెక్క తీయాలి. కాగితం మీద రాయండి, లేకపోతే చింతగింజలు పెట్టండి, కష్టానికి ఒక గింజ. ఉదాహరణకు, "నా బతుకంతా అప్పులే పెద్దమ్మా" అంటూ ఒకామె వచ్చిందనుకుందాం. అడగ్గా అడగ్గా నాలుగు గింజలయ్యాయి: సంఘం కిస్తీ, భర్తకు తెలియకుండా ఎత్తిన చీటీ, అత్త సూటిపోటి మాటలు, కొడుకు బడి ఫీజు. ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే. "వీటిలో ముందు ఏది పట్టుకుందాం?" ఆమె ఫీజు గింజ తీసింది. మీకు చీటీ పెద్ద గండంలా కనిపిస్తుంది, నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. ఎంచుకోవడం ఆమె వంతు. ఏమీ చేతకాదన్న మనిషి ఒక గింజను వేలితో పక్కకు జరపడంతోనే వైద్యం మొదలవుతుంది.

పైకి లేపడం

'కుసిముద్జిరా' అంటే పైకి లేపడం. ఎంచుకున్న కష్టానికి దారులు ఆమెతోనే చెప్పించండి, కనీసం మూడు. పనికిరానివి కూడా కొట్టేయకండి. హెడ్‌మాస్టరును గడువు అడగడం, అన్న దగ్గర తేవడం, బడి మాన్పించడం అని మూడు చెప్పింది. ఒక్కోదానికి "ఇలా చేస్తే ఏమవుతుంది?" అని అడిగితే, బడి మాన్పించడాన్ని ఆమే పక్కన పెడుతుంది.

మొదటిది ఎంచుకుంది. ఇక్కడ చాలామంది వినేవాళ్లు "సరే, అడుగు మరి" అని పంపించేస్తారు, అదే దెబ్బతీస్తుంది. ఏ రోజు? బుధవారం. ఎప్పుడు? బడి గంట కొట్టకముందు. ఎవరితో? వదినతో. ఏమని? "సార్, రెండు విడతలుగా కడతాను." ఆ వాక్యాన్ని బెంచీ మీదే రెండుసార్లు పలికించండి. మొదటిసారి గొంతు పూడుకుపోతుంది, రెండోసారికి తేలికవుతుంది. ఆయన కాదంటే ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి. ఇవేవీ తేలకపోతే తీసుకున్న పని పెద్దదైందని అర్థం, సగానికి కోయండి. వారంలో పూర్తికాని పనిని ఇంటికి పంపకూడదు.

సలహా చెప్పే అలవాటున్న పెద్దవాళ్లకు ఇది నచ్చదు. తమకు దారి కళ్లెదుటే కనిపిస్తుంటుంది. కానీ మీరు చెప్పిన దారి విఫలమైతే ఆమె మొహం చాటేస్తుంది, తను అనుకున్నది విఫలమైతే ఏమైందో చెప్పడానికి వస్తుంది. డబ్బు మాత్రం ఇవ్వకండి. ఒక్కసారి ఇస్తే బెంచీ అప్పు పుట్టే చోటవుతుంది.

గట్టిపరచడం

'కుసింబిసా' అనే ఈ మెట్టు తర్వాతి ఐదుసార్లలోనూ సాగుతుంది. "ఏం చేశావు?" అని మొదలుపెట్టండి, "చేశావా లేదా?" అని కాదు. సగం చేసినా అందులో తను చేసింది ఏమిటో పేరుపెట్టి చెప్పండి. చేయలేకపోతే ప్రణాళికలో తప్పెక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి. వదిన ఆ రోజు కూలికి వెళ్లిందా, ధైర్యం చాలలేదా? అనుకున్న రోజుకు రాకపోతే రెండు రోజుల్లో ఫోన్ చేయండి, దొరక్కపోతే ఇంటికి వెళ్లండి. ఇంట్లోవాళ్ల ముందు మాత్రం "ఊరికే చూసిపోదామని" అనాలి. మూడోసారి దాటినా నిద్ర, తిండి ఏమాత్రం మెరుగవకపోతే ఆగకుండా డాక్టరుకు చూపించండి, మాటలు మానక్కర్లేదు.

వినేవాళ్లకూ ఒక బెంచీ కావాలి. వారానికొకసారి మరో ఇద్దరు ముగ్గురు వినేవాళ్లతోనో, నర్సుతోనో కలిసి, పేర్లు చెప్పకుండా, ఎక్కడ చిక్కుకున్నారో మాట్లాడుకోవాలి. ఇది లేనిచోట మంచి మనసున్నవాళ్లే ముందుగా అలసిపోయి తప్పుకుంటారు. ఒకరికి రోజుకు ముగ్గురు చాలు.

బెంచీ దగ్గర మాట్లాడాక హరారేలో ఆడవాళ్లను 'కుబతన తోసే' అనే బృందానికి పంపుతారు, అందరం చేతులు పట్టుకుందాం అని దాని అర్థం. అక్కడ వాడేసిన ప్లాస్టిక్‌ను పురికొసలా చేసి కొక్కెం సూదితో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. చేతులకు పనుంటే నోటికి బరువు తగ్గుతుంది. మన దగ్గర చింతపండు గింజలు తీయడం, విస్తళ్లు కుట్టడం ఇందుకు బాగా కుదురుతాయి. ఎనిమిది, పది మందికి మించకుండా, వారంలో ఒకే రోజు, ఒకే అరుగు మీద పెట్టుకోండి. సంఘం పొదుపు లెక్కలు, కిస్తీ వసూళ్లు ఆ అరుగు మీదికి రానివ్వకండి, బాకీ ఉన్న ఆడమనిషి ఆ రోజే రావడం మానేస్తుంది.