వడిసెల ఉండలు పగలకుండా ఇలా చేశాను

జొన్న పాలకంకి మీదున్నప్పుడు పిట్టల్ని తోలడానికి మంచె ఎక్కితే చేతిలో వడిసెల (రాయో ఉండో పెట్టి గిరగిర తిప్పి విసిరే తాడు) ఉండాల్సిందే. రాళ్లు విసిరితే చేలోనే మిగిలి తర్వాత దున్నేటప్పుడు అడ్డం, అందుకే మట్టి ఉండలు. మొదట చేలోని నల్లరేగడితోనే చేశాను. ఎండలో పెట్టిన సాయంత్రానికే నెర్రెలు. వడిసెల తిప్పుతుండగానే కొన్ని ముక్కలైపోయాయి. రేగడి తడికి ఉబ్బుతుంది, ఆరితే బాగా కుంచించుకుపోతుంది, అదీ కారణం.

ఈసారి పుట్టమన్ను జల్లించి, మూడో వంతు సన్న ఇసుక, గుప్పెడు వరి ఊక కలిపి చపాతీ పిండిలా పిసికాను. తడిగోనె కప్పి రాత్రంతా వదిలేశాను. నిమ్మకాయంత ఉండలు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి చుట్టి, 5 రోజులు నీడలోనే ఆరబెట్టాను. నడుమెత్తు నుంచి బండ మీద వదిలితే ఒక్కటీ చిట్లలేదు!

కాల్చలేదు. కాలిస్తే పెంకులా చేలో ఉండిపోతాయి, ఇవైతే వానకు కరిగి మట్టిలో కలుస్తాయి. పిట్టల మీదికి విసరను, చేను మీదుగా వదులుతాను. ఆ చప్పుడుకే లేచిపోతాయి.