అడ్డపొగ ఊళ్ళలో నోరు చూడటం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్ళల్లో నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే, అంటే అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఖైనీ, గుట్కా, గుడాకు (పళ్ళకు రుద్దుకునే పొగాకు ముద్ద) సంగతి సరేసరి. నోటి క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి 30 ఏళ్ళు దాటినవాళ్ళ నోరు చూడాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. చూస్తున్నారు కూడా, ఎలా చూస్తున్నారన్నదే నా బాధ.

తలకు కట్టుకునే టార్చి, చేతి తొడుగులు, గాజ్ గుడ్డ, రెండు చెక్క పుల్లలు, గ్లాసు నీళ్ళు చాలు. ఫోను లైటు వద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. పొద్దున్నే, గుమ్మానికి ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టండి. సాయంత్రం పసుపు బల్బు కింద చూసేవాళ్ళు అసలు చూడకపోయినా ఒకటే.

కట్టుడుపళ్ళు తీయించి పుక్కిలించమనండి. తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే వక్క, గుట్కా అలవాటు అడిగి రాసుకోండి. పెదాలు, బుగ్గల లోపలి వైపు, చిగుళ్ళు వరసగా చూడండి. నాలుక కొసను గాజ్‌తో పట్టి పక్కకు లాగి అంచు చివరిదాకా, తర్వాత నాలుక కింద. తెల్ల మచ్చ ఉంటే గాజ్‌తో తుడవండి, పోకపోతే రాసుకోండి. మెడలో గడ్డలున్నాయేమో తడమండి.

ఇక అంగిలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. క్యాంపుల్లో "ఆ" అనమంటారు, గొంతు కనిపిస్తుంది, "బాగుందమ్మా" అని పంపేస్తారు. గట్టి అంగిలి ఉన్నది పై పళ్ళ వెనకాల. తల నిటారుగా ఉన్నంతసేపూ అది మీ కంట పడదు. తల గోడకి ఆనించి బాగా వెనక్కి వాల్చమనండి, మీరు ఎదురుగా కాస్త కిందికి వంగండి. ముందు పళ్ళ దగ్గర మొదలుపెట్టి మెల్లగా లోపలికి వెళ్ళండి. పుల్ల వెనక మెత్తటి భాగానికి తగలకూడదు. ఒకసారి డోకు వచ్చిందంటే ఆ మనిషి మళ్ళీ నోరు తెరవదు.

అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి తెల్లబారి, మందంగా, ఎర్ర చుక్కలున్న చిన్న బొడిపెలతో ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ తెలుపు చూసి కంగారుపడతారు, పక్కనున్న నున్నటి ఎర్ర మచ్చను వదిలేస్తారు. ఎక్కువ భయపడాల్సింది ఆ ఎరుపుకే. నొప్పి లేదుగా అంటారు, మొదట్లో ఉండదు మరి. శ్రీకాకుళం పల్లెల్లో పది వేలమందికి పైగా అంగిళ్ళు చూసి డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లో రాసిన వ్యాసం ఈ అలవాటు గురించే.

అలవాటు అడగటంలోనూ నేర్పు కావాలి. "అత్తా, చుట్ట కాలుస్తావా?" అంటే లేదనే అంటుంది. "నిప్పు లోపలికా, బయటికా?" అని అడగండి.

ఖరీదైన పరికరాలు రావాలని ఎదురుచూసేవాళ్ళతో నాకు పేచీ. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు కంటితోనే చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి.

రెండు వారాలైనా మానని పుండు, తుడిస్తే పోని తెలుపు, ఎర్ర మచ్చ: ఏది కనిపించినా చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాల్సిందే. క్యాన్సర్ అనే మాట మీరు అనొద్దు, అది ముక్క పరీక్ష (బయాప్సీ) తేల్చాలి. ఊరి వైద్యుడి చేత కాల్పించడం, పన్ను పీకించడం కుదరదు.

చీటీ ఒడియాలో రాస్తే విశాఖలో తిప్పలు, తెలుగులో రాస్తే బరంపురంలో తిప్పలు. ఇంగ్లీషులో రాయండి, పక్కనే నోటి బొమ్మ గీసి మచ్చ ఎక్కడుందో గుర్తు పెట్టండి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా ఆ బొమ్మ పనికొస్తుంది. ఒడిశా కార్డుతో ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) రాదు. ఆయుష్మాన్ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చీటీకి జిరాక్సు తీసి ఆశా దీదీ దగ్గర ఉంచండి, రెండు వారాలకు వెళ్ళారో లేదో ఆమే అడగాలి.