రెండు నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

గోడ మీది పటంపై స్కేలు పెట్టి కొలవకండి. భూమి గుండ్రం కాబట్టి అతి దగ్గరి దారి పటంలో వంపుగా కనిపిస్తుంది.

ముందు రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. లండన్ 51.5 ఉత్తరం, 0.1 పడమర. న్యూయార్క్ 40.7 ఉత్తరం, 74.0 పడమర. అక్షాంశాల సైన్ విలువలు రెండూ గుణించండి: 0.510. అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా (73.9) కొసైన్‌నూ గుణించండి: 0.131. మొత్తం 0.641. దీని విలోమ కొసైన్ 50.1 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దాదాపు 5,570 కిలోమీటర్లు. జవాబు వింతగా వస్తే కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉందేమో చూడండి, అది డిగ్రీ మోడ్‌లో ఉండాలి. తూర్పు, దక్షిణం, పడమరల గుర్తులు తారుమారైనా ఇంతే. పడమర, దక్షిణాలకు మైనస్ పెట్టాలి.

సమయానికి గంటకు 880 కిలోమీటర్ల వేగం వేసుకుని, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలపండి. సుమారు ఏడు గంటలు. అయితే చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలిని, అంటే జెట్ ప్రవాహాన్ని మరవద్దు, అసలు తేడా అక్కడే. గాలి గంటకు 100 కిలోమీటర్లుంటే తూర్పుకు ఆరుంబావు గంటలు, పడమరకు ఏడుముప్పావు దాకా పడుతుంది. టికెట్ మీది సమయంలో విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లే సేపూ కలిసి ఉంటుంది, అందుకే అది ఇంకాస్త ఎక్కువ.

చివరగా గడియారం. లండన్‌లో 11:00కు బయల్దేరి 7:45 గంటలు ఎగిరితే లండన్ గడియారంలో 18:45. న్యూయార్క్ గడియారం 5 గంటలు వెనక, అవి తీసేస్తే అక్కడ 13:45. వేసవి కోసం రెండు దేశాలూ గడియారాన్ని గంట ముందుకు జరుపుతాయి; మార్చిలో అమెరికా గడియారాలు బ్రిటన్ కంటే ముందే మారతాయి కాబట్టి కొన్ని వారాలు తేడా 4 గంటలే.