అల్ఫా స్పైడర్ కొనేవాళ్ళకు ఒక డీజిల్ పంపు మెకానిక్ మాట

అల్ఫా రోమియో స్పైడర్‌లో ఏ ఏడాది మోడల్ మంచిదని ఎవరు అడిగినా నేను ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను. బండి పని నువ్వే చేసుకుంటావా, మెకానిక్‌కి అప్పజెప్తావా? దానికి జవాబు వస్తే సగం ఏళ్ళు వాటంతట అవే పక్కకు పోతాయి.

అడిగేవాళ్ళంతా దాదాపు మన హనుమకొండ, కాజీపేట పిల్లలే. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి, అమెరికా పోయి, ఇల్లు కొనుక్కున్నాక ఒక పాత ఇటాలియన్ ఓపెన్ టాప్ కారు మీద మనసు పడతారు. నేనేమో వరంగల్‌లో లారీల, ట్రాక్టర్ల డీజిల్ పంపులు విప్పి బిగించే మనిషిని. మా అక్క కొడుకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1974 స్పైడర్ కొన్నాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను ఎక్కువసేపు ఆ బండి కిందే గడిపాను. "గోల్డెన్ గేట్ చూడమంటే గ్యారేజీ చూసొచ్చిండు" అని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అప్పటి నుంచి వాడి దోస్తులు కారు చూడటానికి పోతే చాలు, "మామా, ఒక్కసారి చూడు" అని వీడియో కాల్ చేస్తారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా అమెరికాలో అమ్మిన బండ్ల గురించి.

ఈ కారు 1966లో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. బాడీ డిజైన్ పినిన్‌ఫరీనా వాళ్ళది. 1993 దాకా తయారైంది. మొదటి నుంచీ రెండు క్యామ్‌షాఫ్టుల అల్యూమినియం ఇంజిన్, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. క్యామ్‌లను తిప్పేది చైను కాబట్టి టైమింగ్ బెల్టు తెగుతుందన్న టెన్షన్ లేదు. ఇంజిన్ మూలం అన్నేళ్ళూ ఒకటే. మారినవి తోక, బంపర్లు, పెట్రోలు పోయే దారి. ధరలో తేడా తెచ్చేది మొదటి రెండు, మీకు నిద్ర పట్టాలా వద్దా తేల్చేది మూడోది.

గుండ్రటి తోక ఉన్నవి 1969 దాకా వచ్చాయి. డ్యూయెట్టో అంటారు. 1570 సీసీతో మొదలై 1779 సీసీకి పెరిగింది. అన్నిటిలోకీ అందమైనది అదే, ఖరీదైనదీ అదే. దాన్ని కొనగలిగినవాళ్ళకు నా సలహాతో పనుండదు.

1970లో తోకను నిటారుగా కోసేశారు. 1971లో యూరప్‌లో 1962 సీసీ ఇంజిన్ వచ్చింది, అమెరికాకు 1972 మోడల్ నుంచి. 1974 దాకా సన్నని క్రోమ్ బంపర్లు. 1975 నుంచి అమెరికా నిబంధనల కోసం లావు నల్ల రబ్బరు బంపర్లు తగిలించారు. ముచ్చటైన ముఖం కాస్తా ఉబ్బిపోయింది. కాబట్టి చూపు కోసం కొనేవాళ్ళకు 1972, 73, 74 మోడళ్ళు. అయితే వీటిలో స్పైకా అనే పెట్రోలు పంపు ఉంటుంది. అమెరికాలో అమ్మిన అల్ఫా స్పైడర్లకు 1969 నుంచి 1981 దాకా అదే. అక్కడి కుర్రాళ్ళు ఆ పేరు వింటేనే భయపడతారు. చాలామంది దాన్ని పీకి పారేసి వెబర్ కార్బురేటర్లు పెట్టుకున్నారు.

నేను మొదటిసారి బానెట్ ఎత్తి ఆ పంపు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అందులో భయపడేది ఏముంది? వరుసగా నాలుగు ప్లంజర్లు, వేగం పెరిగే కొద్దీ కదిలే గవర్నర్, సన్నని స్టీలు పైపులు, చివర నాజిళ్ళు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే లారీల మైకో డీజిల్ పంపుకి ఇది తమ్ముడు. తేడా ఏమిటంటే ఇది సిలిండర్ లోపలికి కాకుండా గాలి వెళ్ళే దారిలోకి పెట్రోలు చల్లుతుంది. ఎంత చల్లాలో యాక్సిలరేటర్, ఇంజిన్ వేగం రెండూ కలిసి లోపలున్న ఒక వంకర క్యామ్ మీద తేలుస్తాయి. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. సరిగా కూర్చుంటే ఏళ్ళ తరబడి దాని జోలికి పోనక్కర్లేదు.

దీన్ని చంపేది రెండే. ఒకటి నీళ్ళు. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, ప్లంజర్లకు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. అందుకే "పదేళ్ళుగా గ్యారేజీలోంచి బయటికి తీయలేదు, కొత్తదానిలా ఉంది" అని అమ్మేవాడు గొప్పగా చెప్తే నేను ధర తగ్గించమంటాను. రెండోది పంపు ముందుండే థర్మోస్టాటిక్ యాక్చువేటర్. ఇంజిన్ నీళ్ళ వేడిని సన్నని గొట్టం ద్వారా పంపుకి తెలియజేసే భాగం అది. చల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ ఇమ్మంటుంది, వేడెక్కితే తగ్గించమంటుంది. లోపలి ద్రవం కారిపోతే ఇంజిన్ ఎంత వేడెక్కినా పంపు ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పావుగంట నడిపాక కూడా సైలెన్సర్‌లోంచి నల్ల పొగ, ప్లగ్గుల మీద మసి, పెట్రోలు వాసన ఉంటే అనుమానం ముందు దాని మీదే. ఈ భాగం కొత్తది దొరుకుతుంది, మార్చుకోవచ్చు. పంపే పోయిందని చెప్పి మొత్తం పీకించే మెకానిక్ దగ్గరికి పోవద్దు. డాష్‌బోర్డులో ఫ్యూయల్ ప్రెషర్ లైటు ఒకటి ఉంటుంది. బండి నడుస్తుండగా అది వెలుగుతుంటే ఫిల్టర్లు మూసుకున్నాయనో, ట్యాంకు దగ్గరి మోటారు నీరసించిందనో అర్థం. ఫిల్టర్ మార్చమని ఇక్కడ ట్రాక్టర్ రైతును ఎంత బతిమాలతానో మా అల్లుణ్ణీ అంతే బతిమాలాను.

1975 నుంచి 1981 దాకా ఉన్నవి ఎవరికి చెప్పాలన్నా నాకు మనసొప్పదు. అదే స్పైకా పంపు, పైన లావు బంపర్లు, పొగ తగ్గించడానికి అదనంగా పెట్టిన గొట్టాలు. పైగా కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకు స్మాగ్ పరీక్ష, అంటే పొగ పరీక్ష, లేదు. 1976 మోడల్ నుంచి రెండేళ్ళకోసారి పరీక్షకు పోవాలి. వెబర్లు పెట్టిన 1978 బండిని అక్కడ కొన్నారంటే తలనొప్పి కొనుక్కున్నట్టే. టెక్సాస్‌లో అయితే అంత పాత బండికి పొగ పరీక్ష ఉండదు. డాలస్ పిల్లలకు బాడీ మంచిది చవకగా దొరికితే తీసుకోండి అంటాను, అంతే.

1982 నుంచి స్పైకా పంపు బదులు బాష్ ఎల్-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్ వచ్చింది. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, ఏ మామూలు మెకానిక్ అయినా చేయగలడు. ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే ముందు గాలి మీటరు నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. మడతల్లో పగుళ్ళుంటాయి. కొన్నిటిలో ఐడిల్‌లో డీజిల్ బండి లాంటి కటకట వినిపిస్తుంది. అది ఇన్‌టేక్ క్యామ్ ముందుండే వీవీటీ అరిగిన చప్పుడు. 1980లో అల్ఫా పెట్టిన ఏర్పాటు అది, క్యామ్ టైమింగ్‌ను నడుస్తుండగానే మారుస్తుంది. దాని శబ్దంతో ధర తగ్గించుకోవచ్చు, బండి వదులుకోనక్కర్లేదు.

1983 నుంచి 1990 దాకా వెనక నల్ల రబ్బరు స్పాయిలర్ ఉన్నవి. నా కంటికి ఆ స్పాయిలర్ నచ్చదు. కానీ చవక, దొరుకుతాయి, నడుస్తాయి. గ్రాడ్యుయేట్ అని తక్కువ హంగులతో వచ్చిన రకం ఉంది. చేత్తో తిప్పే అద్దాలే ఉండటం నాకు దానిలో నచ్చే విషయం.

చివరి తరం అమెరికాలో 1991 మోడల్‌గా మొదలైంది. స్పాయిలర్ తీసేశారు, బంపర్లు బాడీ రంగులోకి వచ్చాయి, వెనక లైట్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా. పవర్ స్టీరింగ్, పెట్రోలునీ స్పార్కునీ కలిపి చూసుకునే బాష్ మోట్రానిక్ కంప్యూటర్, సుమారు 120 హార్స్‌పవర్. భార్య కూడా నడపాలి, ఆదివారం తాళం తిప్పితే బయల్దేరాలి అనేవాళ్ళకు నేను కళ్ళు మూసుకుని 1991 నుంచి 1993 మోడళ్ళే చెప్తాను. ఆటోమేటిక్ గేర్లతోనూ వచ్చాయి, అవి మాత్రం వద్దు. ఈ తరం బంపర్లు, లైట్లు పగిలితే ఖర్చెక్కువ కాబట్టి అవి పూర్తిగా ఉన్నదే చూడండి. అల్ఫా 1995లో అమెరికా వదిలి పోయింది. కాకపోతే పాత బండ్ల విడిభాగాలు అమ్మే వ్యాపారులు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

ఏ ఏడాదైనా సరే, బాడీని తుప్పు తినేసిన బండి కొనొద్దు. ఇంజిన్ నేను ఫోన్లో కూడా చెప్పి చేయించగలను, తుప్పు చేయించలేను. దీనికి విడిగా ఛాసిస్ లేదు. పైన టాపు కూడా లేదు కాబట్టి తలుపుల కింది పెట్టెల్లాంటి భాగాలే బండి బరువు మోస్తాయి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని పొండి. తలుపు కింద, చక్రాల వెనక, కాళ్ళ దగ్గర, స్టెప్నీ గుంటలో పెట్టి చూడండి. పట్టని చోట లప్పం ఉన్నట్టే. తర్వాత జాకీ వేసి ఒక పక్క లేపి తలుపు తెరిచి మూయండి. కింద ఆనకుండా సులువుగా మూసుకోవాలి. బిగుసుకుంటే బండి మధ్యలో వంగుతోందని అర్థం. కార్పెట్ ఎత్తనివ్వనని అమ్మేవాడంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

గేర్‌బాక్స్‌లో రెండో గేరు ఈ బండ్ల బలహీనత. చల్లగా ఉన్నప్పుడు మూడు నుంచి రెండుకు దించితే కర్రుమంటుంది. కొద్దిగా అయితే ఈ వయసుకు మామూలే. వేడెక్కాక కూడా అంటుంటే గేర్‌బాక్స్ విప్పే ఖర్చు ధరలోంచి తీసేయండి. రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టండి, జిడ్డు తగిలితే హెడ్ గాస్కెట్ దగ్గర నూనె దారుల చుట్టూ ఉండే రింగులు పోయాయి. ఆ మూత తీసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

బండి చూడటానికి వస్తున్నామని ముందే చెప్పి, స్టార్ట్ చేయొద్దని అడగండి. వెళ్ళగానే మొదట బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మొదటి స్టార్టింగ్‌లో వచ్చే పొగ, చప్పుడు, గేరు గోల అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. టీ తాగి మాట్లాడుకుని ఇంకో రోజు పొద్దున్నే మళ్ళీ వెళ్ళండి. నాకు కాల్ చేసేది అప్పుడు చేయండి, ఇక్కడ సాయంత్రం దాటి ఉంటుంది, షెడ్డులో పని అయిపోయి ఖాళీగా ఉంటాను.