చీరల వెబ్‌సైటులో ఫొటోల బరువు తగ్గించే పద్ధతి

చేనేత చీరలు అమ్మే వెబ్‌సైటు ఫోనులో ఆలస్యంగా తెరుచుకుంటోందంటే ముందుగా అనుమానించవలసింది ఫొటోలనే. ఫోనుతో తీసి నేరుగా ఎక్కించిన ఒక్క చీర ఫొటోయే మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. అటువంటివి ఒకే పేజీలో ఇరవై ఉంటే, కొనేవారు తమ డేటా ఖర్చు పెట్టుకుని ఖాళీ గళ్లను చూస్తూ కూర్చోవలసి వస్తుంది. అలాగని ఫొటోలను ఇష్టం వచ్చినట్లు కుదిస్తే పోచంపల్లి ఇక్కత్ నమూనాలోని సన్నని మసక అంచులూ, జరీ పోగుల మెరుపూ చెదిరిపోతాయి. కొనేవారు పట్టి పట్టి చూసేవి అవే కనుక, ఏది ముందు తగ్గించాలో, ఏది చివర ముట్టుకోవాలో తెలిసి ఈ పని చేయాలి.

మొదట అసలు ఫొటోను సంపాదించండి. నేతకారుల నుంచి దుకాణానికి ఫొటోలు సాధారణంగా వాట్సాప్‌లో వస్తాయి. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ ముందే కుదించేస్తుంది. దానిని మనం మళ్లీ కుదిస్తే ఒకసారి పోయిన వివరాల మీద మరికొన్ని పోతాయి. ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడిగితే అసలు ఫైలు మార్పు లేకుండా అందుతుంది. దానిని వేరే ఫోల్డరులో భద్రపరచి, ప్రతి మార్పునూ దాని నకలు మీదే చేయండి.

తరువాత కొలత. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అయినా, చాలామంది దీనిని వదిలేసి నేరుగా నాణ్యతను తగ్గించడం మొదలుపెడతారు. ఫోను కెమెరా ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు ఉందనుకుంటే అందులో మొత్తం 1.2 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. దానిని 1200 × 900కు తగ్గిస్తే 10.8 లక్షలు, అంటే సుమారు పదకొండో వంతు మాత్రమే మిగులుతాయి. ఫోను తెర మీద చూసేవారికి తేడా తెలియదు. జాబితా పేజీలోని చిన్న ఫొటోలకు 600 నుంచి 800 పిక్సెళ్ల వెడల్పు చాలు. నేతను దగ్గరగా చూడాలనుకునే వారి కోసం 2000 పిక్సెళ్ల ఫొటో ఒకటి విడిగా ఉంచి, తాకినప్పుడే అది వచ్చేటట్లు చేయండి.

ఇక ఫార్మాట్, అంటే ఫొటోను ఫైలుగా దాచే పద్ధతి. పీఎన్‌జీ ఏ వివరాన్నీ పోనివ్వదు కనుక లోగోలకూ, గీతల బొమ్మలకూ బాగుంటుంది కానీ, ఫొటోను అందులో దాస్తే ఫైలు అనవసరంగా పెరుగుతుంది. ఫొటోలకు 1992 నాటి జేపెగ్ ఇప్పటికీ నమ్మకమైనదే. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ, దాని తరువాత 2019లో వచ్చిన ఏవిఫ్ సాధారణంగా అదే నాణ్యతను ఇంకా చిన్న ఫైలులో ఇస్తాయి, నేటి ప్రధాన బ్రౌజర్లన్నీ ఈ రెండింటినీ చూపగలవు.

నాణ్యత దగ్గర మాత్రం తొందరపడకూడదు. మన కన్ను వెలుతురులోని తేడాను పట్టుకున్నంత సూక్ష్మంగా రంగులోని తేడాను పట్టుకోలేదు. ఈ సంగతిని ఆధారం చేసుకుని జేపెగ్ వంటి పద్ధతులు వెలుతురును ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగును చాలాసార్లు నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే దాస్తాయి. ప్రకృతి దృశ్యానికి దీనివల్ల నష్టం లేదు. ఎర్రని చీర మీద సన్నని ఆకుపచ్చ గీత ఉంటే మాత్రం అంచు దగ్గర రెండు రంగులూ కలిసి మాసినట్లు కనిపిస్తాయి. ఫైలు చిన్నది కావడానికి కొన్ని వివరాలను వదిలేసే రకం వెబ్‌పీ ఎప్పుడూ ఇలాగే చేస్తుంది కనుక, అటువంటి చీరలకు రంగును పూర్తిగా ఉంచే అమరికతో జేపెగ్ గానీ ఏవిఫ్ గానీ వాడటం మేలని నా అభిప్రాయం.

దీనికి స్కూష్ అనే ఉచిత సాధనం అనువైనది. అది బ్రౌజరులోనే పనిచేస్తుంది, అసలునూ కుదించినదానినీ పక్కపక్కన చూపుతుంది. నాణ్యతను 75 దగ్గర మొదలుపెట్టి, చీర అంచునూ పైటకొంగునూ పెద్దవి చేసి చూస్తూ, తేడా కనబడేవరకు తగ్గించి, అక్కడి నుంచి కొద్దిగా పైకి రండి. ఒక ఫార్మాట్‌లోని 75 మరో ఫార్మాట్‌లోని 75తో సమానం కాదు కనుక, అంకెను కాక కంటిని నమ్మాలి.

ఫొటోలో దాగి ఉండే అదనపు సమాచారంలో తీసిన చోటు కూడా ఉండవచ్చు. నేతకారుల ఇంటి ఆచూకీ అందరికీ తెలియనక్కరలేదు కనుక దానిని తప్పక తీసేయండి. అయితే ఫొటోలోని రంగులను ఎలా చూపాలో చెప్పే రంగుల ప్రొఫైల్ కూడా అందులోనే ఉంటుంది. ముందుగా ఫొటోను వెబ్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చకుండా అంతా తుడిచేస్తే కొన్ని ఫోన్ల ఫొటోల్లో రంగులు వెలిసినట్లు కనబడతాయి. చీర రంగు తేడాగా ఉందంటూ కొన్నవారు తిప్పి పంపే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పేజీ కోడులో మూడు పనులున్నాయి. ఎస్‌ఆర్‌సీసెట్ (srcset) అనే హెచ్‌టీఎంఎల్ అమరిక ద్వారా ఒకే ఫొటో వేర్వేరు కొలతలను ఇస్తే తెరకు తగినదానిని బ్రౌజరే ఎంచుకుంటుంది. వెడల్పు, ఎత్తు రాసి ఉంచితే ఫొటో వచ్చినప్పుడు పేజీ కిందికి జరగదు. కిందనున్న ఫొటోలకు లేజీ లోడింగ్, అంటే చూసేవారు అక్కడికి చేరువైనప్పుడే ఫొటో వచ్చే అమరిక, పెట్టండి, కానీ పేజీ తెరవగానే కనబడే పెద్ద ఫొటోకు పెట్టవద్దు, అది 2.5 సెకన్లలోగా కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం, లేజీ లోడింగ్ దానిని ఇంకా ఆలస్యం చేస్తుంది. దసరా తగ్గింపు వంటి ప్రకటనల అక్షరాలను ఫొటోలో కలపకుండా యూనికోడ్ పాఠంగా (మామూలుగా టైపు చేసిన అక్షరాలుగా) ఫొటోపై అమర్చండి. కుదింపులో మొదట చెడేవి మన ఒత్తులూ గుడింతాలే.

వెబ్‌సైటు నడపడానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు ఒక సంగతి గమనించాలి. అది మనం ఎక్కించిన ఫొటో నుంచి తానే చిన్న కొలతలను తయారు చేస్తూ మళ్లీ కుదిస్తుంది. జేపెగ్‌కు దాని మామూలు నాణ్యత 82. అందుకని 2000 పిక్సెళ్లకు తగ్గించిన ఫొటోను 90 నాణ్యతతో ఎక్కించి, మిగిలిన కుదింపును దానికే వదిలేయడం మంచిది. పాత ఫొటోల స్థానంలో కొత్తవి పెట్టేటప్పుడు ఫైలు పేరు కూడా మార్చండి, లేకపోతే ఇంతకుముందు వచ్చినవారి బ్రౌజరు తాను దాచుకున్న పాత ఫైలునే చూపిస్తూ ఉండవచ్చు.