కూల్చివేత నోటీసుకు జవాబు: కాలువ గట్టువారు తప్పక చూసుకోవలసినది

అనుమతి లేకుండానో, మంజూరైన ప్లానును అతిక్రమించో కట్టారంటూ పురపాలక సంఘం ఇచ్చే నోటీసు సంజాయిషీ అడిగే తాఖీదే తప్ప తీర్పు కాదు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 228వ సెక్షను ప్రకారం కమిషనరు ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, యజమాని చెప్పేది విన్నాకనే దానిని ఖరారు చేయాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నోటీసు అందాక కనీసం 15 రోజులు, తుది ఉత్తర్వు తరువాత మరో 15 రోజులు గడువుండాలి.

జవాబును తెల్లకాగితంపై రాసి, నోటీసు నంబరు, సర్వే నంబరు వేసి, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం కావాలని అందులోనే కోరండి. రెండో ప్రతిపై ఇన్వర్డు ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు వదలకండి.

గోదావరి డెల్టాలో ఎక్కువమంది చిక్కుకునేది స్థలం దగ్గర. రోడ్డు, నది, నీటి వనరుల వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు ఆ 15 రోజుల రక్షణ వర్తించదని అదే తీర్పు చెప్పింది. భీమవరంలో యనమదుర్రు మురుగు కాలువ గట్టున గాని, కోనసీమలో పంట కాలువ ఒడ్డున గాని ఉన్న ఇంటికి అసలు ప్రశ్న ప్లాను గురించి కాదు. గోడ పట్టా భూమిలో ఉందా, గట్టు పోరంబోకులో ఉందా అన్నది. ఈ మధ్య ఒక పెద్దావిడ పాలిథిన్ సంచిలో ఏళ్ల తరబడి ఇంటి పన్ను రసీదులు వరుసగా పేర్చుకొని తెచ్చారు. పన్ను కట్టినంత మాత్రాన స్థలంపై హక్కు రాదని ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. స్టే తెస్తానన్న మధ్యవర్తి మాత్రం అడ్వాన్సు పుచ్చుకున్నాడు.

పట్టా నకలుతో పాటు ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) నకలు తీసుకొని, హద్దుపై అనుమానముంటే ఎఫ్-లైన్ కొలతకు (సర్వేయరు వచ్చి హద్దు కొలిచి చూపడానికి) దరఖాస్తు పెట్టి, ఆ రసీదును జవాబుకు జతచేయండి. నోటీసు తహసీల్దారు నుంచి, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షను కింద వస్తే, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చిన జవాబు పనికిరాదు. అందులో రాసిన గడువులోపల తహసీల్దారుకే ఇవ్వాలి.

తుది ఉత్తర్వు చేతికి వచ్చాక అందులో కారణాలు వెతకండి. తప్పును జరిమానాతో సరిదిద్దవచ్చా, కొంత భాగమే అక్రమమైతే మొత్తం ఎందుకు కూల్చాలి అన్నవాటికి అందులో సమాధానం ఉండాలి. లేకపోతే, మిగిలిన ఆ 15 రోజుల్లో న్యాయవాదికి చూపించవలసిన మొదటి కాగితం అదే.